ముందే చిరిగిన పేజీ

ఆ పిల్ల నిలబడే చదివేది. వీపు గోడకు ఆనించి, మొహం తలుపు వైపు పెట్టి.

లైబ్రరీలో కుర్చీలకు కొదవ లేదు. కొదవల్లా మనుషులకే.

"కూర్చోవచ్చుగా అమ్మా?" అని అడిగింది లైబ్రేరియన్ మొదటి రోజు.

"ఫర్లేదండీ."

ఆవిడ మళ్ళీ అడగలేదు. పధ్నాలుగేళ్ళప్పుడు ఆవిడా అలాగే చదివేది.

స్కూలు వదిలాక అరగంట. రోజూ అదే పుస్తకం. ఇంట్లో దెబ్బలు తినే ఒక అమ్మాయి కథ, టీనేజీ పిల్లల కోసం రాసిన నవల. పేరు 'లోపలి గడియ'. ఆఖరి పేజీలో, అలాంటి పిల్లలు సాయం కోసం ఫోన్ చేయడానికి ఒక నంబరు.

ఆవిడ చిన్నప్పుడు ఇలాంటి పుస్తకాలు లేవు. గోడలకు చెవులుంటాయని మాత్రం అందరూ అనేవారు. వాటికి నోరు కూడా ఉంటే బాగుండునని ఆవిడ అనుకునేది.

ఒక రోజు పిల్ల బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇందులో అమ్మాయి చివరికి ఎవరికైనా చెప్తుందా అండీ?"

"చెప్తుంది. వాళ్ళ టీచర్‌కి."

"టీచర్ నమ్ముతుందా?"

"పుస్తకంలో నమ్ముతుంది."

అనేశాక నాలుక కరుచుకుంది లైబ్రేరియన్. ఆ ఒక్క మాట మింగేస్తే ఏం పోయేది?

పిల్ల పుస్తకం ఇంటికి తీసుకెళ్తానంది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. గడువు తేదీ ముద్ర కొట్టి ఇచ్చేసింది.

పదిహేను రోజులు దాటాయి. పుస్తకం రాలేదు, పిల్లా రాలేదు. గడువు దాటిన అందరికీ పంపినట్టే, అలవాటు కొద్దీ, రిజిస్టర్లో ఉన్న నంబరుకి మెసేజ్ పంపింది. పుస్తకం పేరుతో సహా.

పంపాక చూసుకుంది. ఆ నంబరు తండ్రిది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

మర్నాడు తండ్రే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట, చేతిలో ఆ పుస్తకం. వెనకాల పిల్ల గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అంత ఉక్కలోనూ పొడుగు చేతుల స్వెట్టర్ వేసుకుంది.

"ఆఖరి పేజీ చింపేసి ఉందండీ. మా అమ్మాయేమో నేను కాదంటోంది. అబద్ధమాడితే నాకు అస్సలు గిట్టదు. మీరే చెప్పండి, మీరిచ్చినప్పుడు ఈ పేజీ ఉందా?"

గడువు తేదీ ముద్ర కొట్టేది సరిగ్గా ఆ పేజీ పక్కనే. ఆవిడ తన చేత్తో కొట్టింది. పేజీ ఉంది.

పిల్ల గడప వైపు చూస్తోంది.

"లేదండీ," అంది లైబ్రేరియన్. "మేం కొన్నప్పటి నుంచే చిరిగి ఉంది."

"ఏముండేది అందులో?"

"ఏముంటుందండీ? అచ్చువేసిన వాళ్ళ అడ్రసు."

ఆయన నవ్వాడు. మెంబర్‌షిప్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇక దీనితో పని లేదులెండి. చదువు పాడవుతోంది."

వెళ్తూ పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. కుడి చెయ్యి మాత్రం జేబులోంచి బయటికి తీయలేదు.

కార్డు మీద ఇంటి అడ్రసు ఉంది. తండ్రి రాసిందే. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

బీరువాలో ఆ నవల ఇంకో కాపీ ఉంది. ఆవిడ ఆఖరి పేజీ తెరిచి పెట్టుకుని, ఫోన్ అందుకుంది. అందులోని నంబరు నొక్కింది.

"ఒక పిల్ల గురించి చెప్పాలండీ."

"చెప్పండమ్మా, వింటున్నాను," అంది అవతలి గొంతు. "వయసెంత?"

"పధ్నాలుగు."

"ఎన్నాళ్ళ నుంచి జరుగుతోంది?"

నలభై ఏళ్ళ నుంచి అనబోయి ఆగి, ఆవిడ కార్డు మీదున్న పేరు చదవడం మొదలుపెట్టింది.