దూది పుల్ల

“నీ చేతుల్లోనే ఉందే ఆ మాయదారి పురుగు! నువ్వు కట్టు ముట్టుకున్నప్పటి నుంచే నా కొడుకు కాలు చీము పట్టింది.”

ఆసుపత్రి వార్డని కూడా చూడలేదు సుబ్బరావమ్మ. పక్క మంచాల వాళ్ళు తలలు తిప్పారు. కోడలు ధనశ్రీ ఫ్లాస్కు మూత బిగించి కిటికీలో పెట్టింది.

ట్రాక్టర్ తిరగబడి శివనాగరాజు తొడ ఎముక విరిగింది. గుంటూరులో రాడ్డు వేసి పంపారు. పర్చూరు దగ్గర తమ ఊరికి వచ్చాక కట్టు మార్చే పని ధనశ్రీ చూసుకుంది. సుబ్బరావమ్మకు నమ్మకం కుదరలేదు. కోడలు అటు వెళ్ళగానే వచ్చి, కట్టు పక్కకి తీసి, వాపేమైనా ఉందేమోనని వేలితో నొక్కి చూసేది. నెల తిరక్కుండానే పుండు మళ్ళీ నోరు తెరిచింది.

డాక్టర్ బిందుమాధవి పాత రాడ్డు తీసి, లోపలంతా కడిగి, కొత్తది వేసింది.

“ఇది స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా అమ్మా. మామూలు మందులకి లొంగని రకం. లోహం దొరికితే అతుక్కుంటుంది. గుంపు పెరిగాక ఒకదాని ఉనికి ఇంకోదానికి తెలుస్తుంది. అప్పుడు స్విచ్చి వేసినట్టు వాటి జన్యువులు పని మార్చుకుంటాయి. జిగురు పొర కట్టుకుని దాని కింద కూర్చుంటాయి. ఇక ఏ ఇంజెక్షను ఇచ్చినా సరిగా అందదు.”

“పత్తికాయలో గులాబీ రంగు పురుగు లాగా,” అన్నాడు శివనాగరాజు నీరసంగా. “పైన ఎంత కొట్టినా లోపలున్న దానికి తగలదు.”

“అంతే. ఈసారి కూడా పట్టిందంటే కాలు తీసెయ్యాల్సి వస్తుంది.”

సుబ్బరావమ్మ కోడలి వైపు తిరిగింది. “మెల్లగా చేరడం, పాతుకుపోవడం, ఎన్ని తిట్టినా కదలకపోవడం. విన్నావా? నీ సంగతే చెబుతున్నారు డాక్టరమ్మ.”

డాక్టర్ నవ్వలేదు. “కొందరి ముక్కులో ఇది హాయిగా కాపురం ఉంటుంది. వాళ్ళకేమీ కాదు. ముక్కు దగ్గరికి వెళ్ళిన చెయ్యే పుండు మీద పడితే చాలు. కట్టు తాకింది మీరిద్దరేగా? ఇద్దరికీ పరీక్ష చేయిద్దాం.”

“చేయించండి. ఎవరిదో తేలిపోవాలి.”

“తేలుతుందిలెండి,” అంది ధనశ్రీ.

“చూశావా నాగరాజూ, ఎదురు మాట!”

శివనాగరాజు పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. “అమ్మని చూసి నేర్చుకో. నేను బతికి బయటపడ్డానని, నా తల మీద ఒట్టేసి, ఏనాటి నుంచో ఉన్న పొడుం అలవాటు మానేసింది. నువ్వు ఆ మిరప కల్లానికి పోవడం మానావా? ఒళ్ళంతా దుమ్ము!”

“ఇద్దరం మంచం పక్కనే కూర్చుంటే ఇల్లెట్లా గడుస్తుంది?”

“గడవకపోతే పోనీ. వెళ్ళు నా ఎదుట నుంచి.”

ల్యాబ్ టెక్నీషియన్ సుభానీ అత్తాకోడళ్ళని వరండాలోకి పిలిచాడు. పొడవాటి దూది పుల్లని ముందు ధనశ్రీ ముక్కులో తిప్పి గొట్టంలో పెట్టాడు. ఆమె మందుల షాపుకి వెళ్ళిపోయింది. తర్వాత సుబ్బరావమ్మ వంతు. సుభానీ లోపలికొచ్చి, శివనాగరాజు మంచం పక్కన బల్ల మీద గొట్టాలు పెట్టి పేర్లు రాయబోతుంటే తన ఫోను మోగింది. మాట్లాడి వచ్చేసరికి తికమకపడ్డాడు.

“ఈ నల్లబడ్డ పుల్ల ఎవరిదమ్మా?”

“ఇంకెవరిది? మా కోడలిది,” అంది సుబ్బరావమ్మ. “తాలు మిరపకాయలు ఏరి ఏరి ఆ కల్లం దుమ్మంతా ముక్కులోనే మోసుకొస్తుంది.”

“కడుక్కోమంటే వినదు,” అన్నాడు శివనాగరాజు.

సుభానీ పేరు రాసేశాడు.

రిపోర్టు వచ్చింది. అత్తగారి పేరున్న గొట్టంలో ఏమీ లేదు. ధనశ్రీ పేరున్న గొట్టంలో ఉన్నదీ, రాడ్డు మీద దొరికిందీ ఒకటే. జన్యువులతో సహా సరిపోయాయి.

ధనశ్రీ రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది.

“ఈ ఆయింట్‌మెంట్ ముక్కులో రాసుకో,” అంది డాక్టర్. “మళ్ళీ పరీక్ష చేసేదాకా కట్టు ముట్టుకోకు. మీ అత్తగారు మారుస్తారు.”

ఊరు చేరిన మర్నాడే సుబ్బరావమ్మ కోడలి బట్టల సంచి గుమ్మంలో పెట్టింది. ఆటో వచ్చి ఆగింది.

“పొదిలిలో మీ పుట్టింట్లోనే ఉండు. నా కొడుకు రెండు కాళ్ళ మీద నడిచాక అప్పుడు చూద్దాం, నువ్వు రావాలో వద్దో.”

ధనశ్రీ మంచం వైపు చూసింది. శివనాగరాజు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

“గ్లౌజులు అలమరలో ఉన్నాయి అత్తయ్యా. కట్టు విప్పే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.”

“చీము పట్టించినదానివి, నువ్వా నాకు శుభ్రం నేర్పేది? ఎక్కు ముందు!”

ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది సుబ్బరావమ్మ. గుండెల మీద బరువు దిగిపోయినట్టయింది.

“అమ్మా, కట్టు మార్చే టైమైంది,” లోపలి నుంచి పిలిచాడు కొడుకు.

“వస్తున్నా నాన్నా. ఇక నీ పుండు మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడదు.”

తలుపు చాటుకి జరిగి, రొంటిన దోపుకున్న డబ్బీ తీసి, చిటికెడు నల్లటి పొడుం రెండు ముక్కుల్లోకీ గట్టిగా పీల్చి, ఆ వేళ్ళు కొంగుకి తుడుచుకుంటూ కొడుకు కట్టు విప్పడానికి వెళ్ళింది సుబ్బరావమ్మ.