తులసి పూసల కాకా

స్వరాజ్యానికి కాలు ఒకచోట నిలవడం లేదు.

పొద్దున్నే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. "మీ ఆయనకు కిడ్నీ దొరికింది, వెంటనే రండి" అన్నారు. సూరత్‌లోని ఉధ్నాలో మగ్గాల పక్క గది నుంచి సోమలింగాన్ని ఆటోలో వేసుకుని ఉరికొచ్చింది. ఇంకాసేపట్లో ఆపరేషన్. మొగుడి మెడలో వేద్దామంటే దేవుడి దారమన్నా తెచ్చుకోలేదాయె!

వరండా బెంచీ మీద ఒక ముసలాయన తులసి పూసలు గుచ్చుతున్నాడు. పూస ఎక్కిస్తాడు, పెదవులు కదుపుతాడు, ముడి వేస్తాడు. ఆ నిదానం చూస్తుంటేనే ఆమెకు ఒళ్ళు మండింది. సూరత్‌లో ఆస్పత్రిని కూడా వదలరు, ఇక్కడా దుకాణమే అనుకుంది.

"కాకా, ఆ మాల నాకియ్యి" అంది వచ్చీరాని హిందీలో.

"అమ్మేది కాదు బేటా. ఒకరి పేరు తలుచుకుంటూ కడుతున్నా."

"నా మొగని పేరు తల్సుకో! నీకేం కాకా, తీరువడిగ కూసున్నవ్. నీ మనిషి లోపలుంటే తెలుస్తుండె!"

ముసలాయన చెయ్యి ఆగింది.

"మీ ఆయన పేరు?"

"సోమలింగం."

"శివుడి పేరు. ఇది తులసి."

"తులసైతేంది, రుద్రాక్షైతేంది! పానం దక్కాలె. జర జల్దీ కాకా!"

మిగిలిన పూసలు సోమలింగం పేరు అనుకుంటూ ఎక్కించాడు. ఆఖరి ముడి వేసి, మాల కళ్ళకద్దుకుని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దండమైనా పెట్టకుండా పరుగెత్తింది. నర్సు మెడలో వెయ్యనివ్వలేదు. మొగుడి నుదుటికి తాకించి, మాల తన పిడికిట్లోనే పట్టుకుని కూర్చుంది.

ఆపరేషన్ మంచిగా అయింది. అప్పుడు గానీ ముసలాయన గుర్తుకు రాలేదు. అయ్యో, పెద్దమనిషిని ఎంత మాటన్నాను! గబగబా వరండాలోకొచ్చింది. బెంచీ ఖాళీగా ఉంది. కరీంనగర్ నుంచి వచ్చి అక్కడే ఆయాగా చేస్తున్న కొమురవ్వ నేల తుడుస్తోంది.

"కొమురవ్వా, ఈడ మాలలు అమ్ముకునే కాకా ఏడి?"

"అమ్ముకునుడేంది అక్కా! కొడుకు శవం ఎంబడి అంబులెన్సుల పోయిండు. ఈ గుజరాతోళ్ళల్ల పోయినోళ్ళ మెడల తులసి మాల ఏసి సాగనంపుతరు. పొద్దటి సంది కొడుకు కోసమే కడుతుండె."

స్వరాజ్యం పిడికిలి విప్పి మాల చూసింది.

"కొడుకా?"

కొమురవ్వ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఎవ్వలకు చెప్పకు అక్కా, మీ ఆయనకు కిడ్నీ ఇచ్చింది ఆ పిలగాడే."