ముందూ వెనకా

"వెనక లైటు కూడా తీసుకోమ్మా."

సైకిళ్ళ షాపులో స్టూలు మీద కూర్చున్న పెద్దమనిషి అన్నాడు. మెడ చుట్టూ మఫ్లరు, చేతిలో టీ గ్లాసు. పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాడు, ఎవరూ అడక్కుండానే సలహాలిస్తున్నాడు.

చిన్నక్కకి ఒళ్ళు మండింది.

వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె చిన్నక్కే. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. పొద్దు త్వరగా కుంకే రోజులు కావడంతో డ్యూటీ దిగేసరికి చీకటి పడిపోతోంది.

"లైటు లేకుండా ఆ సైకిలెక్కడానికి వీల్లేదు. చీకట్లో నీ ఒంటి మీద గీత పడిందా, మర్నాటి నుంచి ఇంట్లోనే!" అని అన్నయ్య తేల్చి చెప్పేశాడు.

అన్నయ్య ఇంట్లో ఆమె తలెత్తుకు తిరుగుతోందంటే అది ఆ ఉద్యోగం చలవే. అది కాస్తా పోతే వదిన వెనకాల గిన్నెలు సర్దుకుంటూ బతకాలి.

షాపతను మూడు లైట్లు బల్ల మీద పెట్టాడు.

"ఇది డైనమోది. తొక్కితే వెలుగుతుంది, ఆగితే ఆరిపోతుంది. ఇది బ్యాటరీలది. చవకే గానీ, బ్యాటరీలు మేపలేక చస్తారు. ఇది చార్జింగుది."

చార్జింగుది నచ్చింది. మిషను పక్కనే ప్లగ్గుంది, కరెంటు ఖర్చు ఫ్యాక్టరీ వాళ్ళది. కాకపోతే అదొక్కటి కొంటే పర్సు ఖాళీ.

"ముందుదొక్కటే ఇవ్వండి. వెనకది వచ్చే నెల చూద్దాం."

"ముందు లైటు నువ్వు చూడ్డానికమ్మా," అన్నాడు మఫ్లరాయన. "వెనకది నిన్ను చూడ్డానికి."

"నన్నెవరూ చూడక్కర్లేదు లెండి!"

షాపతను కిసుక్కున నవ్వాడు.

మర్నాడు సాయంత్రం కొత్త లైటు వేసుకుని బయల్దేరింది చిన్నక్క. గుంతలన్నీ ముందే కనపడుతున్నాయి. ఎప్పుడూ చెవి పక్కనుంచి దూసుకుపోయే పాల వ్యాను కూడా ఆరోజు దూరంగా తప్పుకుని మర్యాదగా వెళ్ళిపోయింది.

ఆహా, లైటంటే ఇదీ అనుకుంది.

గోడౌన్ల మలుపు దాటాక వెనక ఎవరిదో సైకిలు చైను కిరకిరలాడింది. తిరిగి చూసింది.

మఫ్లరు!

స్పీడు పెంచింది. ఆయనా పెంచాడు. ఆగింది. ఆయనా ఆగాడు. ఆయన సైకిలుకి ముందు లైటు కూడా లేదు. దొంగలా చీకట్లో వస్తున్నాడు. ఆమె ఇంటి సందులోకి తిరిగాక వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

అన్నయ్యకి చెప్పొచ్చు. కానీ అన్నయ్య ముందు ఉద్యోగం మానిపిస్తాడు, ఆ తర్వాతే ఈ మనిషి సంగతి చూస్తాడు. అందుకే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, తనే తేల్చుకుందామని ఓ సాయంత్రం పెట్రోలు బంకు ముందు వెలుతుర్లో సైకిలు ఆపేసింది.

"ఏవండీ! మీ ఇల్లెక్కడ?"

"సైకిళ్ళ షాపు వెనకాలేనమ్మా."

"మరి రోజూ ఈ రోడ్డులో మీకేం పని?"

ఆయన సైకిలు దిగాడు.

"అది కాదమ్మా, చీకట్లో నువ్వొక్కదానివీ..."

"ఒక్కదాన్నయితే వెంటపడతారా? మా నాన్న వయసుంది, సిగ్గుగా లేదూ?"

బంకులో పనిచేసేవాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

"ఏంటక్కా, ఏమైంది?"

"రోజూ నా వెనకే వస్తున్నాడు!"

ఇంకేముంది, ఒకడు మఫ్లరు పట్టుకుని గుంజాడు. ఇంకొకడు సైకిలుని ఎగిరి తన్నాడు. వెనక చక్రం దగ్గర ఏదో టప్పున పగిలింది.

ఆయన సైకిలు లేపి నిలబెట్టాడు. కింద పడ్డ ఎర్ర ముక్కలు ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకున్నాడు.

"ఇంక రానులేమ్మా," అన్నాడు. "వెనకది మాత్రం కొనుక్కో."

"నా వెనక ఎవరూ అక్కర్లేదు!"

సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ వంగిన వీపు చూస్తే కాస్త జాలేసింది గానీ, హమ్మయ్య, పీడ విరగడైందనుకుంది చిన్నక్క.

మర్నాడు సాయంత్రం వెనక చైను చప్పుడు లేదు. ఎన్నాళ్ళకో కూనిరాగం తీస్తూ తొక్కింది. గోడౌన్ల మలుపు తిరిగింది.

వెనక కీచుమని బ్రేకులు. చక్రానికి ఏదో గట్టిగా తగిలింది. కళ్ళు తెరిచేసరికి రోడ్డు పక్క బురదలో ఉంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. అన్నయ్యకి ఏం చెప్పాలి? ముందు గుర్తొచ్చింది అదే.

పాల వ్యాను డ్రైవరు దూకి పరిగెత్తుకొచ్చాడు.

"దెబ్బలేమైనా తగిలాయా అమ్మా?"

"కళ్ళెక్కడ పెట్టుకుని నడుపుతున్నావయ్యా? ఇంత లైటు వెలుగుతుంటే కనపడలేదూ?"

సైకిలు పక్కకి పడున్నా దాని ముందు లైటు ఇంకా ధగధగలాడుతూనే ఉంది.

"అది ముందు కదమ్మా, వెనక వచ్చేవాడికి ఎలా కనపడుతుంది?" అన్నాడు డ్రైవరు. "రోజూ నీ ఎర్ర లైటు దూరం నుంచే చూసి తప్పుకుని పోయేవాణ్ణి. ఇవాళ ఎందుకు తీసేశావమ్మా దాన్ని?"