జూడ్ వాయించిన కీబోర్డు

"జూడ్ ఈ ఊరొదిలి పిస్కాటవే వెళ్ళిపోతున్నాడు. వచ్చే సండే నుంచి చర్చిలో కీబోర్డు మీ అబిగేల్‌దే సిస్టర్!" అన్నారు పాస్టరుగారు.

లూసీ మురిసిపోయింది. "జూడ్‌కి ఇచ్చిన జీతమే దీనికీ ఇస్తారుగా?"

"ఆడపిల్లకి జీతమేంటమ్మా? మీరు సండే స్కూల్ చెప్పట్లేదూ? ఇదీ దేవుడి సేవే."

"మరి జూడ్‌ది?"

"మగపిల్లాడు, ఖర్చులుంటాయి కదా."

కీబోర్డు మీద అబిగేల్ చేతులు ఆగిపోయాయి. "మమ్మీ, నీకు కూడా పే చెయ్యరా?"

"మమ్మీకి పరలోకంలో బహుమానం ఉంటుందమ్మా," పాస్టరుగారు నవ్వారు.

లూసీ కూతురి ముఖంలోకి చూసింది. ఆడవాళ్ళ పని ఊరికే వస్తుందని ఇన్నేళ్ళూ వీళ్ళకి అలవాటు చేసింది తనే.

కూతురి చెయ్యి పట్టుకుని లేపింది.

"వచ్చే సండే పిల్లలకి పాఠం మీరే చెప్పండి పాస్టరుగారూ. ఆ బహుమానమేదో మీరే పుచ్చుకోండి."