ఐదింటికి తిండి

మొగుడు పోయి ఐదు రోజులు. మనోజ మూలన చాప మీద కూర్చొని గోడ గడియారం వైపే చూస్తోంది.

సాగర్ రోడ్డు మీద లారీ గుద్ది చనిపోయిన రత్నాకర్ ఫొటో ఎదురుగానే ఉంది. ఆమె చూపు దాని మీద నిలవడం లేదు. పరామర్శకొచ్చిన చుట్టాల కళ్లు ఊరుకుంటాయా? గుసగుసలు మొదలయ్యాయి.

ఫోన్ మోగింది. రావిర్యాల నుంచి, ల్యాబు పెద్ద వీరస్వామి సార్.

"నీ బదులు చూస్తున్న హిమజ ఊరికి పోయిందమ్మా. నీ కణాలకు తిండి పెట్టేటోళ్లు లేరు. ఐదింటికి ల్యాబు మూస్తున్న. పారెయ్యమంటవా? దినాలైనంక వేరే చర్మంతో మళ్ల మొదలువెడుదువు."

"వద్దు సార్. నేనొస్త."

ఆమె పని అదే. మనిషి చర్మం నుంచి చిన్న ముక్క తీసి, ఆ కణాలను గాజు గిన్నెలో పెంచుతుంది. వాటికి ఒక మందు వేస్తుంది. జన్యువులకు పడ్డ తాళాలను ఆ మందు సడలిస్తుంది. కణాలు తాము చర్మమన్న సంగతే మరిచిపోతాయి. కొన్ని గుండె కణాలవుతాయి. మూడు నెలలు తిప్పలు పడితే, పోయిన వారం నాలుగు చోట్ల కొట్టుకోవడం మొదలైంది. రెండు రోజులకోసారి తిండి, అంటే గిన్నెలోని పోషక ద్రవం, మార్చకపోతే అంతే సంగతులు. గిన్నె మీద నంబరే తప్ప పేరుండదు.

లేచింది. అత్త ఇంద్రమ్మ తలుపుకు అడ్డం నిలబడింది.

"యాడికి?"

"ల్యాబుకు అత్తమ్మా. తిండి పెట్టి గంటల వస్త."

"ఎవలకు తిండి? శవం లేసి ఐదొద్దులే ఆయె. పదకొండోనాటి దాంక గడప దాటొద్దు. నా కొడుకు నీకు యాదికి లేడా?"

"గవి సచ్చిపోతయ్ అత్తమ్మా."

ఆడబిడ్డ కమలమ్మ ఊరుకోలేదు. "మా తమ్ముడే సచ్చిండు. గిన్నెల పురుగుల మీద గింత పానమా నీకు?"

ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట వింటే ఈ ఇల్లు ఏం చేస్తుందో తెలియక మింగేసింది. మళ్లీ చాప మీద కూలబడింది.

నాలుగున్నర. నీళ్లకని వంటింట్లోకి వెళ్లి, పెరటి గోడ దూకి, ఉత్త కాళ్లతో ఆటో ఎక్కింది. ఇంద్రమ్మ శాపనార్థాలు సందు చివరిదాకా వినిపించాయి.

వీరస్వామి తాళం పట్టుకొని గేటు దగ్గరే ఉన్నాడు. మనోజ పలకరించకుండానే లోపలికి నడిచింది. తిండి మార్చింది. గిన్నెను మైక్రోస్కోపు కింద పెట్టి కన్ను ఆనించింది. నాలుగూ కొట్టుకుంటున్నాయి.

"గింత పరేషాన్ ఎందుకమ్మా? చర్మం ఎవల దగ్గరనన్న దొరుకుతది గద," అన్నాడు సార్.

మూడు నెలల కింద ఇదే బల్ల ముందు కూర్చొని, నవ్వుతూ చెయ్యి చాపి ఆ ముక్క ఇచ్చినవాడు రత్నాకర్.