కదిలిన బంతి

కుప్పం దగ్గర గొర్రెలు నున్నగా మేసిన బీడులో గంగాధర్ బంతి కొట్టడానికి వంగాడు. కళ్లు మాత్రం మునిచంద్ర కొత్త టోపీ మీదే ఉన్నాయి. ఇద్దరూ ఏళ్లతరబడి ఒకే టూర్‌లో, అంటే ఏటా వరసగా జరిగే పోటీల్లో, గోల్ఫ్ ఆడినవాళ్లు. పోయిన నెల చంద్ర దాన్ని వదిలి, దండిగా డబ్బిచ్చే కొత్త లీగ్‌లో చేరిపోయాడు. ఆ టోపీ అక్కడిదే.

“నిన్నూ పిలిచినారంట కదప్పా? నువ్వు రానన్నావంట. మన పుంగనూరంతా అదే చెప్పుకుంటాండారు,” అన్నాడు చంద్ర.

ఎవరూ పిలవలేదు. కడుపుమంట ఆపుకోలేక గంగాధరే టీకొట్టు దగ్గర పుట్టించిన మాట అది.

“అవును. మనల్ని పెంచిన టూర్‌ను వదిలేసి యాడికీ రాననేసినా.”

చంద్ర నిట్టూర్చాడు. “నా జట్టులో ఒక చోటు ఖాళీగా ఉండాది. ఎవురు కావాలో నన్నే చెప్పమన్నారు. నీ పేరే చెబుదామనుకున్నా. ఇంగేం చేసేది, వేరేవాళ్ల పేరు పంపాల్సిందే.”

ఫోన్ తీశాడు.

గంగాధర్ గబుక్కున ఫోన్ వైపు తిరిగాడు. చేతిలో కర్ర జరిగి బంతికి తగిలింది. బంతి వెంట్రుకవాసి కదిలింది. చంద్ర చూడలేదు. ఎవరూ చూడకపోయినా ఆటగాడే చెప్పి, తన లెక్కలో శిక్షగా ఒక షాటు కలుపుకోవాలన్నది ఈ ఆటలో నియమం.

“చంద్రా...”

“ఏమప్పా?”

తనను ఎవరూ పిలవలేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

“బంతి కదిలింది. నాకొక షాటు కలుపు.”

చంద్ర ముఖం వెలిగిపోయింది.

“సూడు, ఇందుకే నువ్వేం చెప్పినా నేను నమ్మేది,” అంటూ ఇంకొకడి పేరు పంపేశాడు.