ఓబులమ్మ చేతి ఆది

"మన ఓబులమ్మకు ఎన్ని చేతులే?" అని అడిగాడు యల్లయ్య, గొంతు పెంచకుండానే.

భార్య చిన్నసుబ్బమ్మ కొంగు ఒళ్లోకి లాక్కుంది. గడప ముందు కూర్చున్న కూతురు ఓబులమ్మ ముంజేతులు రెండూ అప్పుడే తొడిగించుకున్న ఎర్రగాజులతో నిండుగా ఉన్నాయి. చిన్నసుబ్బమ్మ ఒళ్లో మాత్రం అదే సైజువి ఇంకో రెండు డజన్లు, పచ్చవి, ఉన్నాయి.

గాజులమ్మే షాహీదాబీ తల వంచుకుని తన గాజుల మూట, మలారం, సర్దుకోసాగింది. ఆ పచ్చగాజులు ఎవరికో ఆమెకు తెలుసు. ఇందాక యల్లయ్య గొర్రెల దొడ్లో ఉండగా చిన్నసుబ్బమ్మ చెవిలో చెప్పింది. పెద్దకూతురు నాగేశ్వరమ్మకు ఐదో నెల. తండ్రి కాదన్నవాణ్ణి చేసుకుని పులివెందులలో ఉంటోంది. కడుపుతో ఉన్న సంగతి ఆయనకు తెలియదు, తెలియనీయొద్దు. ఐదో నెలలో పుట్టింటి గాజులు పడకపోతే ఆ పిల్ల నలుగురిలో ఎట్లా తిరుగుతుంది? రేపు ఎటూ ఆ ఊరు పోతావు కదా, నువ్వే తొడిగి రా అంది.

సైజెంత అని అడిగితే, ఓబులమ్మ చేయే ఆది అంది. నిజమే. అక్కాచెల్లెళ్లిద్దరూ తండ్రి పోత. అవే వెడల్పు భుజాలు, మణికట్టు దగ్గర అదే లావు ఎముక. ఊళ్లో ఆడపిల్లలకు రెండుంబావు గాజు జారిపోతుంటే ఈ ఇంట్లో రెండున్నర కూడా సబ్బునీళ్లు పెడితేగానీ దిగదు. గొర్రెను భుజానేసుకుని కొండెక్కేటట్టున్నావే అని షాహీదాబీ ఎగతాళి చేస్తే, "మా నాయన్ని అడుగు, ఆయప్పే ఇద్దరికీ సమంగా పంచినాడు" అని ఓబులమ్మ నవ్వింది.

"ఇవి శానా పగులుతాయంట" అంది చిన్నసుబ్బమ్మ చివరికి.

"పగిలినప్పుడు తొడిగించుకుంటాది. ఇచ్చేయ్."

ఆమె ఒక్కో డజనూ తీసి మలారంలో పెట్టింది. చేయి మాత్రం వాటి మీద కాసేపు అట్లాగే ఉండిపోయింది.

షాహీదాబీ మలారం భుజానికెత్తుకుని బయటపడింది. యల్లయ్య వారం వారం పొట్టేళ్లు తోలుకుని పులివెందుల సంతకు పోతాడు గానీ, కూతురున్న వీధి తొక్కడని అందరూ అనేమాటే. ఇంత రాయి మనిషా అనుకుంటూ రోడ్డెక్కేసరికి వెనక చెప్పుల చప్పుడైంది. యల్లయ్యే. తనకూ తిట్లు తప్పవనుకుని నిలబడింది.

"రేపు పులివెందుల పోతాండావా బీబమ్మా?"

"పోతాండా అన్నా."

యల్లయ్య ఒకసారి ఇంటివైపు తిరిగి చూసుకున్నాడు. మలారంలో పైనున్న పచ్చగాజుల్ని బొటనవేలితో పక్కకు జరిపాడు.

"పెద్దదానికి ఓబులమ్మ ఆది చాలదు. ఒక సైజు పెద్దవి తొడుగు. ఐదో నెల పడితే మా ఇంటి ఆడోళ్లకు చేతులు ఉబ్బుతాయి."